లెక్కలోకి రానివాళ్ళ లెక్క

ఇక్కడ మనవాళ్ళ పాట్‌లక్‌లలో పిల్లల చదువు ప్రస్తావన వచ్చిందంటే దారులు రెండే: మెడిసిన్, లేదా కంప్యూటర్లు. ఈ రెంటికీ మధ్య బయోస్టాటిస్టిక్స్ అని ఓ చదువుందండీ అంటే అనుమానంగా చూస్తారు. మందు పనిచేసిందో లేదో, జబ్బు ఎవరికి ఎందుకొస్తోందో లెక్కకట్టి తేల్చే పని అని వివరిస్తే, "ఓ, డేటా సైన్సా!" అని హమ్మయ్య అనుకుంటారు. నా పేచీ సరిగ్గా అక్కడే.

నాలాంటి సాఫ్ట్‌వేర్ వాడికి డేటా అంటే టేబుల్లో ఉన్న వరసలు. వాటిని శుభ్రం చేసి, ప్రోగ్రాముకి తినిపించి జవాబు రాబడతాం. టేబుల్లోకి రాని మనుషుల సంగతి మనకి పట్టదు. బయోస్టాటిస్టిక్స్ మొదలయ్యేదే వాళ్ళ దగ్గర.

మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్నే తీసుకోండి. కవిటి, సోంపేట చుట్టుపక్కల ఊళ్ళను కిడ్నీ జబ్బు ఏళ్ళ తరబడి పీడిస్తోంది. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. మాటవరసకి, ఓ డయాలసిస్ కేంద్రంలో 100 మంది రోగులుంటే 90 మంది పొలం పనివాళ్ళే అనుకుందాం. పొలంలోనే ఏదో ఉందని చెప్పెయ్యాలనిపిస్తుంది. కానీ ఆ ఊళ్ళలో జబ్బు లేనివాళ్ళలో కూడా నూటికి 90 మంది పొలం పనివాళ్ళే అయితే? ఆ 90 వల్ల మనకి తెలిసిందేమీ లేదు. పైగా కేంద్రం దాకా రాలేక ఇంట్లోనే పోయినవాళ్ళు ఏ వరసలోనూ ఉండరు. ఈ రెండు సందేహాలూ రాని కుర్రాడికి ఎంత పెద్ద కంప్యూటరిచ్చినా తప్పు జవాబు కాస్త తొందరగా వస్తుంది, అంతే.

అంత దూరం ఎందుకు, మన గుండెల సంగతే చూడండి. అమెరికాలో గుండెజబ్బుల గురించి ఎంతో నేర్పిన ఫ్రేమింగ్‌హామ్ అధ్యయనం 1948లో 5,209 మందితో మొదలైంది. దాదాపు అందరూ తెల్లవాళ్ళే. ఇక్కడి దక్షిణాసియావాళ్ళ గుండెల మీద మసాలా అనే దీర్ఘకాల అధ్యయనం (పేరు నిజంగా అదే!) మొదలయ్యేసరికి 2010 వచ్చింది. మొదట చేర్చుకున్నది 906 మందిని. మధ్యలో 62 ఏళ్ళు!

ఇలాంటి అధ్యయనాలకి మనుషుల్ని తయారు చేయాలనే అమెరికా ప్రభుత్వపు ఎన్‌హెచ్‌ఎల్‌బీఐ సంస్థ 2004లో డిగ్రీ పిల్లలకి బయోస్టాటిస్టిక్స్ వేసవి శిక్షణ మొదలుపెట్టింది. యూనివర్సిటీల్లో సుమారు ఆరు వారాలు, నిజమైన ఆరోగ్య పరిశోధనల డేటాతో పని. తర్వాత దాని పేరులో డేటా సైన్స్ కూడా చేరింది. మంచిదే, కొత్త పేరు పాత పేరుని మింగేయనంతవరకూ. ఒక్క చిక్కేమిటంటే, సీట్లు పౌరులకీ గ్రీన్‌కార్డున్నవాళ్ళకే. క్యూలో నిలబడ్డ మన హెచ్-4 పిల్లలు అక్కడా లెక్కలోకి రాలేదు!

అమెరికా సరే, ఇంటి దగ్గరో? సి. ఆర్. రావు గారికి 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వస్తే మనవాడే అని మురిసిపోయాం. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో చాలావాటికి ఇప్పుడు డేటా సైన్స్ బ్రాంచీలున్నాయి. పైథాన్ నేర్పుతున్నారు, సంతోషం. నా మటుకు నాకు, అంతకు ముందే నేర్పాల్సింది ఒకటుందనిపిస్తుంది. మొదటి సెమిస్టర్లో ప్రతి విద్యార్థినీ ఓ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపండి. అక్కడి రిజిస్టరు చూసి, తర్వాత ఊళ్ళోకెళ్ళి ఇల్లిల్లూ తిరిగి, ఆ రిజిస్టరులో లేని రోగులెందరో లెక్కపెట్టి రమ్మనండి. ఖర్చు బస్సు చార్జీలే. కోడింగ్ ఎప్పుడైనా వస్తుంది. ఆ ఇళ్ళ తలుపులు తట్టాలన్న బుద్ధి మాత్రం ఇరవై ఏళ్ళలోపే రావాలి.

ఏమంటారు?