కోటల్ని 'కవర్' చెయ్యకండి

మా అక్క న్యూకాజిల్‌లో ఎం.ఎస్సీ చేసింది. పోయిన జులైలో తన కాన్వొకేషన్‌కి నిజానికి అమ్మ వెళ్ళాలి. మోకాళ్ళ నొప్పులతో అన్ని గంటలు విమానంలో కూర్చోవడం తన వల్ల కాదంది. అలా ఆ ఛాన్స్ నాకొచ్చింది. తిరిగొచ్చాక హాస్టల్లో అందరూ అడిగిన మొదటి ప్రశ్న: "ఎన్ని కోటలు కవర్ చేశావ్‌రా?"

నాలుగు. వాటిలో చూసినవి రెండే.

'కవర్ చెయ్యడం' అనే మాట మనకి సిలబస్ నుంచి వచ్చింది. యూనిట్ ఫోర్ కవర్ అయిందా అంటే అయింది అంటాం, ఏముంది అందులో అంటే నవ్వుతాం. మన క్లబ్‌లో సగం మంది రెండు మూడేళ్ళలో ఎం.ఎస్. అని ఎటో ఒకటు వెళ్ళేవాళ్ళే, యూకే వెళ్ళేవాళ్ళూ ఉంటారు. అందుకే ఈ గొడవ ఇక్కడ రాస్తున్నా.

మొదటి శనివారం అక్క ఫ్రెండ్స్ సెవెన్ సీటర్ అద్దెకి తీసుకున్నారు. రెండు డబ్బాల పులిహోర, ఒక స్పీకర్, ఏడుగురం. మొదట ఆనిక్ కోట (రాసేది ఆల్న్‌విక్, పలికేది ఆనిక్, ఇంగ్లిష్ మీడియం చదువు ఇక్కడేం పనిచెయ్యదు). మొదటి హ్యారీ పోటర్ సినిమాలో చీపురు మీద ఎగరడం నేర్పే సీన్ తీసింది అక్కడే. అందరం చీపురు ఫోటోలు దిగాం. పెర్సీ వంశం వాళ్ళు 1309 నుంచీ, అంటే ఏడు వందల ఏళ్ళకి పైగా, అదే కోటని అట్టిపెట్టుకుని ఉన్నారని తర్వాత తెలిసింది. అక్కడున్నంతసేపూ మాకు తెలిసింది క్యూ ఎంత పొడవో మాత్రమే.

తర్వాత బామ్‌బరా. సముద్రం పక్కన నల్లరాయి గుట్ట మీద కోట. దాని గురించి నాకు గట్టిగా గుర్తున్నది పార్కింగ్ మెషిన్ దగ్గర చిల్లర కోసం జరిగిన గొడవ. 1464లో ఫిరంగి దెబ్బలకి లొంగిన మొదటి ఇంగ్లండ్ కోట అదేనంటారు. 1894లో దాన్ని కొని బాగుచేయించడం మొదలుపెట్టిన ఆర్మ్‌స్ట్రాంగ్ ఒక ఇంజినీరు, నీటి ఒత్తిడితో పనిచేసే క్రేన్లు తయారుచేసినవాడు. ఇంజినీరింగ్ స్టూడెంట్‌ని అయ్యుండి, ఆయన ఇంటి ముందు సెల్ఫీ తీసుకుని వచ్చేశాను. సాయంత్రం ఫోన్‌లో నూటనలభై ఫోటోలు. ఏది ఏ కోటదో గోడలు చూసి చెప్పలేను, ఎవరి చొక్కా రంగు ఏమిటో చూసి చెప్పాలి.

అక్క ఆ రోజంతా పెద్దగా మాట్లాడలేదు. కారులో పాటల సౌండ్‌లో నేను గమనించలేదు కూడా.

తర్వాతి బుధవారం తనకి సెలవు. "బస్సులో వెళ్దాం, ఇద్దరమే" అంది. క్రాస్టర్ అనే చేపలవాళ్ళ ఊరు. బస్సుకి రెండు గంటలు దాటింది. ఊరంతా హెరింగ్ చేపలకి పొగ పెట్టే వాసన. అక్కడ్నుంచి డన్‌స్టన్‌బరా కోటకి కారు దారి లేదు. ఎంత డబ్బున్నా, ఏ కారున్నా, ఊళ్ళో వదిలేసి సుమారు రెండు కిలోమీటర్లు గడ్డి మీద నడవాల్సిందే. కుడివైపు సముద్రం, ఎడమవైపు గొర్రెలు, ఎదురుగా కోట.

నా అభిప్రాయం మొత్తం ఈ రెండు కిలోమీటర్లలో ఉంది. కోట అనేది లోపలికి వెళ్ళి చూసే వస్తువు కాదు, దూరం నుంచి దగ్గరికి వస్తూ చూడాల్సింది. కట్టినవాడి ఉద్దేశమే అది. మొదట అది విరిగిన పళ్ళలా కనిపించింది. పది నిమిషాలు నడిచాక ఆ పళ్ళు రెండు బురుజులయ్యాయి. ఇంకో పది నిమిషాలకి, వాటి కింద నిలబడితే మనం చీమంత అని అర్థమైంది. దీన్ని కట్టించడం మొదలుపెట్టింది 1313లో లాంకాస్టర్ ప్రభువు థామస్. రాజు రెండో ఎడ్వర్డ్‌కి వరసకి తమ్ముడో అన్నో అవుతాడు, పడదు. కోట చుట్టూ తవ్వించిన చెరువులుండేవట. వచ్చేవాడికి కోట నీళ్ళలో నీడతో సహా కనపడాలని ఆ ఏర్పాటు అని పరిశోధకులు అంటారు. ఇప్పుడు అవి వట్టి పచ్చిక పల్లాలు. నడుస్తుంటే కాళ్ళకి తెలుస్తాయి, నేల దిగుతుంది, మెత్తబడుతుంది. కారులో వెళ్తే ఈ సంగతి కాళ్ళకి ఎప్పటికీ తెలియదు.

ఇంత కట్టించి ఆ థామస్ దాక్కునే అవకాశం కూడా రాలేదు. 1322లో తిరుగుబాటు చేసి ఓడి, ఉత్తరానికి వస్తుండగా బరోబ్రిడ్జ్ దగ్గర దొరికిపోయాడు. పాంటిఫ్రాక్ట్‌లో తన సొంత కోట దగ్గరే తల తీశారు.

అక్కకి ఈ కథ చెప్తే, గడ్డి వైపు చూస్తూ, "నాకూ అలాగే ఉందిరా" అంది. ఇంట్లో అందరం అనుకుంటున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగం లేదు. గోడౌన్‌లో నైట్ షిఫ్టుల్లో ప్యాకింగ్ చేస్తోంది. వీసా అయ్యేలోపు స్పాన్సర్ చేసే కంపెనీ దొరక్కపోతే వచ్చెయ్యాలి, లోన్ అలాగే ఉంది. (అక్కని అడిగే రాస్తున్నా. "రాయి, వచ్చేవాళ్ళకి తెలియాలి" అంది.) పది రోజులు ఒకే గదిలో ఉన్నాం, చెప్పలేదు. పక్కపక్కన నడుస్తూ, మొహాలు చూసుకోకుండా ఉన్నప్పుడు చెప్పింది. నేను సలహా ఏమీ ఇవ్వలేదు, నా దగ్గర లేదు కూడా. కోట ఇంకా కిలోమీటరు ఉంది కాబట్టి తను చెప్తూ ఉండొచ్చు, నేను వింటూ ఉండొచ్చు.

తిరిగి వచ్చేటప్పుడు పొలాల మీదుగా లోపలి దారి పట్టాం. గేటు మీద పసుపు బాణం. అవతల ఎవరిదో పొలం. నేను ఆగిపోయా, ఎవరైనా తిడతారేమోనని. అక్క గేటు తీసి నడిచేసింది. అక్కడ పొలం ఒకరిది, బాట అందరిదీ. పసుపు బాణం ఉంటే నడవొచ్చు. నీలం బాణం ఉంటే గుర్రం మీదా, 1968 చట్టం నుంచి సైకిల్ మీదా వెళ్ళొచ్చు. మన భాషలో చెప్పాలంటే రీడ్ పర్మిషన్ ఉంది, రైట్ పర్మిషన్ లేదు. గేటు ఎలా ఉందో అలా మూసి వెళ్ళిపోవాలి. ఇలాంటి బాటలన్నీ వాళ్ళ ఆర్డినెన్స్ సర్వే మ్యాపుల్లో గీసి ఉంటాయి. మా తాతయ్య పొలాల మధ్య దారిని 'పుంత' అనేవారు. ఇన్నాళ్ళూ అది పాతకాలం మాట అనుకున్నా. 'పబ్లిక్ ఫుట్‌పాత్' అన్న బోర్డు కింద నిలబడితే ఆ మాటే గుర్తొచ్చింది.

అలాగని ఆ దేశంలో నడిచే హక్కు అంతా ఊరికే రాలేదు. 1932 ఏప్రిల్‌లో కిండర్ స్కౌట్ అనే కొండ మీదకి వందల మంది కావాలని అనుమతి లేకుండా ఎక్కారు, అయిదుగురు జైలుకెళ్ళారు. నేషనల్ పార్కుల చట్టం 1949లో గానీ రాలేదు. నాకైతే కోట గోడల కంటే ఈ బాటలే పెద్ద వారసత్వం అనిపిస్తుంది. కోటలు కట్టింది జనాన్ని బయట ఉంచడానికి కదా.

సైకిల్ సంగతి. ఆదివారం రెండు సైకిళ్ళు అరువు తెచ్చుకుని టైన్ నది పక్కనే టైన్‌మత్ వెళ్ళాం, 72 నంబరు సైకిల్ రూటు. నది సముద్రంలో కలిసే చోట గుట్ట మీద కోటా, పాత మఠమూ ఒకే ప్రహరీలో ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడ ఫిరంగులు పెట్టారు. నది దారిలో ఆ గుట్ట ఎందుకు ముఖ్యమో ఎవరూ చెప్పక్కర్లేదు, నదితో పాటు మనమూ అక్కడికే చేరతాం. వెళ్ళేటప్పుడు గాలి వెనక నుంచి తోసింది, నేను ఛాంపియన్ అనుకున్నా. వచ్చేటప్పుడు అదే గాలి ఎదురు, అక్క నన్ను దాటిపోయి బెల్లు కొట్టింది. ఒపిక ఉన్నవాళ్ళకి 1 నంబరు రూటు ఉంది, న్యూకాజిల్ నుంచి ఎడిన్‌బరా దాకా కోటల పక్కనుంచి సుమారు 320 కిలోమీటర్లు. నాకు లేదు.

ఒక్క దగ్గర నా వాదన నిలబడదు, ఒప్పుకుంటా. అమ్మ వచ్చుంటే డన్‌స్టన్‌బరా చూడలేదు. ఆ మోకాళ్ళతో ఆ గడ్డి మీద కుదరదు. అమ్మలాంటి వాళ్ళకి కారే దారి, బామ్‌బరాకి కారు వెళ్తుంది కాబట్టి సంతోషమే. నేను అంటున్నది మోకాళ్ళు బాగున్న మన గురించి. సెవెన్ సీటర్ వద్దనీ కాదు. రోజుకి ఒకటే కోట పెట్టుకోండి, కనీసం ఒక ఊరు ముందు దిగండి.

అక్క ఆదివారం రాత్రి అమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పింది. అమ్మ ముందు తిట్టింది, తర్వాత ఏం తింటున్నావని అడిగింది.

క్రాస్టర్ వెళ్తే మాత్రం తిరుగు బస్సు టైమ్ ముందే చూసుకోండి. మేం గంటంపావు స్టాపులో నిలబడ్డాం, జులైలో, స్వెట్టర్ లేకుండా.