పాము తల ఎక్కడ పెట్టాలి?

వైకుంఠపాళి ఆడకుండా పెరిగిన వాళ్ళం మనలో తక్కువ. అందులో పాములకు రాక్షసుల పేర్లు, నిచ్చెనలకు భక్తి, జ్ఞానం లాంటి సుగుణాల పేర్లు. ఎవరు పడాలో, ఎవరు ఎక్కాలో పటం గీసినవాళ్ళే నిర్ణయించారు. మరి పటం మనమే గీస్తే?

కురిచేడు, చుట్టుపక్కల వూళ్ళ నుంచి డిగ్రీకి వెళ్ళే అమ్మాయిలను స్త్రీల హక్కుల మీద కరపత్రం రాయమన్నాను. "ఎవరు చదువుతారు మేడమ్, ఆట చేద్దాం" అన్నారు. అట్ట మీద గళ్ళు గీశారు. పందేనికి గవ్వలు, పావులకు చింతపిక్కలు. 'పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు వుప్మా తిని, కబురు పెడతామని వెళ్ళారు: వొక పందెం ఆగు'. 'అన్నయ్య తిన్న కంచం తనే కడిగాడు: ఇల్లంతా నివ్వెరపోయింది, మళ్ళీ వెయ్యి'. 'పాసుపుస్తకంలో అమ్మ పేరెక్కింది: పెద్ద నిచ్చెన'. నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళొచ్చాయి.

పెద్ద పాము దగ్గర తగాదా వచ్చింది. తూలిపడుతున్న తాగుబోతు బొమ్మ గీశారు. అందరూ నవ్వారు, వొక అమ్మాయి తప్ప. ఆ మౌనం నాకు అర్థమైంది. 2020 జులై చివర, కరోనా కట్టడితో మద్యం దుకాణాలు మూతపడినప్పుడు, కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. వాళ్ళలో రిక్షా తొక్కేవాళ్ళు, అడుక్కుని బతికేవాళ్ళు కూడా వున్నారు.

"అయితే తాగొచ్చి కొట్టేవాణ్ణి వదిలేద్దామా?" అని ఇంకో అమ్మాయి నిలదీసింది. న్యాయమైన ప్రశ్నే. 1992లో నెల్లూరు జిల్లా స్త్రీలు దీనికి జవాబు చెప్పారు. కొట్టే మొగుణ్ణి వాళ్ళు క్షమించలేదు. కానీ అక్కడితో ఆగకుండా సారా దుకాణాలు మూయించారు, వేలంపాటలను అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని మాత్రం, ఆదాయం పోతోందంటూ 1997లో ఎత్తేశారు. నిచ్చెన ఎక్కించి పాము నోట్లో పెట్టడమంటే ఇదే.

చివరికి పామును పొడుగ్గా గీశారు. తల ఖజానా గడిలో, తోక మొగుడు చెయ్యెత్తే ఇంట్లో. తల పక్కన వాళ్ళే రాసుకున్నారు: 'తాగడం ఆరోగ్యానికి హానికరం, తాగకపోవడం బడ్జెట్‌కు హానికరం'. ఆ గడిలో రెండు పావులు కలిస్తే పాము మింగకూడదని నియమం కూడా పెట్టారు. ఈసారి అందరూ నవ్వారు.

ఆటలు వుద్యమానికి చిన్నతనం కాదు. ఓటుహక్కు కోసం పోరాడిన బ్రిటన్ స్త్రీలు 1909లోనే బోర్డు ఆట తయారుచేయించి అమ్మారు. అయితే మన సంస్థలు పట్నంలో ఆటలు అచ్చువేసి పల్లెలకు పంచిపెట్టడం వల్ల పెద్దగా వొరిగేదేమీ లేదని నా అభిప్రాయం. అక్కడ చదువు జరిగింది ఆడినప్పుడు కాదు, పాము తల ఎక్కడుండాలని తగాదా పడినప్పుడు. అందుకే ఖాళీ గళ్ళు ఇద్దాం. ఎవరిని చూసి నవ్వాలో వాళ్ళే తేల్చుకుంటారు.