ఆరోగ్య విషయములు: కంతుల నణఁచు ప్రోటీను

సూర్యాపేట జిల్లా పాలకీడునుండి యొక సోదరి మాకు జాబు వ్రాసిరి. వారి యత్తగారి రొమ్ములో గట్టి గడ్డ యొకటి కనఁబడినదఁట. నొప్పి లేదు గావున వైద్యునికిఁ జూపుకొనుటకు పెద్దామె యొడంబడకున్నారు. ఇంటి చిన్నవాఁడు కంతుల నణఁచు శుద్ధమైన ప్రోటీను సీసాలలో నమ్మఁబడుచున్నదని యొక ధరలపట్టికలోఁ జదివెను. దానిని దెప్పించి సూదిమందుగా నిప్పింపవచ్చునా యని సోదరి ప్రశ్న.

వలదు. అది మందు గాదు. అట్లని మోసమును గాదు. అది పరిశోధనశాలల నిమిత్తము చేయఁబడిన సరకు.

అట్టివానిలోఁ బేరుపొందినది పి-53 యను ప్రోటీను. మన జీవకణములలోని జన్యుపదార్థము చెడినప్పు డిది కణము రెండుగాఁ జీలకుండ నాపును. చెడుగు బాగుపడనిచో నా కణమునే చంపించును. 1979లోఁ గనుఁగొన్న తరువాత శాస్త్రజ్ఞులు దీనినే రోగకారకమని తలఁచిరి. నిజము తేలుటకు 1989 రావలసివచ్చెను. చేయని తప్పునకుఁ బదియేండ్లు నిందమోసిన కోడలివంటి దిది! మానవుల కాన్సరులలో నించుమించు సగమింట దీని జన్యువు చెడియుండును.

దీనిని జేయువిధము మనకుఁ గ్రొత్త గాదు. పాలలోఁ దోడు వేసినట్లే, మానవజన్యువును జొప్పించిన యి. కోలై యను సూక్ష్మజీవులను బోషకద్రవములోఁ బెంచుదురు. అవి తమ ప్రోటీనులతోపాటు దీనిని గూడఁ జేయును. పిదప వానిని బగులఁగొట్టి, నికెలు పూసిన పూసలగుండ వడపోయుదురు. ప్రోటీనునకు ముందే తగిలించిన చిన్న తోఁక యా నికెలు నంటుకొనును, తక్కినదంతయుఁ గడిగివేయఁబడును. అట్లు వచ్చినదానిని మైక్రోగ్రాముల లెక్కన విక్రయింతురు. ఏ మందు దీని నంటునో, ఇది జన్యుపదార్థము నెట్లు పట్టుకొనునో పరీక్షించుటకే దీని యుపయోగము. నెత్తురులోని కెక్కించిన నింత పెద్ద యణువు తనంత కణములోనికిఁ జొరఁజాలదు. కావలివాని స్థానము లోపల, కణకేంద్రమున. వీధిలో నిలిపిన నేమి ఫలము?

ఈ తీరునఁ జేసిన ప్రోటీను సూదిమందై మన యిండ్లకు వచ్చుటయుఁ గలదు. 1997లో హైదరాబాదునందలి శాంతా బయోటెక్నిక్సువారు హెపటైటిసు-బి టీకాను విడుదల చేసిరి. స్థాపకులు వరప్రసాదరెడ్డిగారు సంస్థకుఁ దమ తల్లి పేరే పెట్టిరి. ఆ ప్రోటీను కణములోనికిఁ బోనక్కఱలేదు. దేహరక్షకశక్తి దానిని గుర్తుపట్టినఁ జాలును. కాలేయపు కాన్సరునకు దారితీయు నా వ్యాధి నది నివారించును.

సోదరీ! గడ్డలన్నియుఁ గాన్సరులు గావు. కాని నొప్పి లేదనుట ధైర్యము చెప్పు గుఱుతు గాదు. రొమ్ము కాన్సరు పెక్కుమాఱులు నొప్పి లేకయే మొదలగును. చిత్రపరీక్ష చేసి, సూదితోఁ గొంచెము కణజాలము దీసి చూచినఁగాని తేలదు. హైదరాబాదున ఎం.ఎన్.జె. ప్రభుత్వ కాన్సరు ఆసుపత్రి కలదు. అంతదూర మిప్పుడే పోలేకున్న ముందు దగ్గఱి ప్రభుత్వాసుపత్రిలోఁ జూపింపుఁడు. సిగ్గుపడుచున్నచో స్త్రీవైద్యురాలు కావలెనని యడుగుఁడు, మీరు వెంటనుండుఁడు. ఈ వారమే బయలుదేఱుఁడు. ధరలపట్టికను మాత్రము చిన్నవానియొద్దనే యుంచుఁడు, వాని చదువునకుఁ బనికివచ్చును.