గట్టి మందు వలదు

వానలు కురిసి ఇంటిచుట్టును నీరు నిలిచిన దినములలో డెంగీ జ్వరము ప్రబలును. బిడ్డ యొడలు పెనమువలె కాలుచుండగా ఏ తల్లి మనస్సు నిలుచును? అందుచేతనే సోదరీమణులు కొందరు మందుల దుకాణమునకు బోయి, వెంటనే జ్వరము దింపు గట్టి మందు నిమ్మని యడుగుచుందురు. ఆ గట్టి మందులోనే అపాయమున్నదని మేము మనవి చేయుచున్నాము.

జ్వరము దింపు మందు రోగమును హరింపదు. తాపమును, నొప్పులను మాత్రము శమింపజేయును. డెంగీలో రక్తము గడ్డకట్టుటకు తోడ్పడు ప్లేట్‌లెట్లు తగ్గును. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, మెఫెనమిక్ యాసిడ్ అనునవి రక్తస్రావమును హెచ్చింపగలవు. డెంగీ కాదని వైద్యుడు చెప్పువరకు వీనిని ముట్టరాదు. నిమెసులైడును 12 ఏండ్ల లోపు పిల్లల కీయరాదని మన ప్రభుత్వము 2011లో నిషేధించినది.

ఇక మిగిలినది పారాసెటమాల్. దీనిని వయస్సునుబట్టి గాక బరువునుబట్టి యీయవలెను: కిలో 1కి 10 మొదలు 15 మిల్లీగ్రాములు. 12 కిలోల బిడ్డకు 150 మిల్లీగ్రాములు చాలును. 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములున్న సీసానుండి యది 3 మిల్లీలీటర్లు. 125 ఉన్న సీసానుండి 6. సీసా మారినచో కొలత మారునని మరువరాదు. వంటింటి చెంచాతో కొలువక, సీసాతో వచ్చిన కొలతగిన్నెనే వాడవలెను. మోతాదుల నడుమ 4 గంటలైనను గడువవలెను. దినమునకు 4 మారులు మించరాదు. జలుబు మందులు పెక్కింటిలో పారాసెటమాల్ ముందే కలిసియుండును గనుక రెంటిని గలిపి యిచ్చిన కాలేయము చెడును. 3 నెలల లోపు శిశువునకు జ్వరము వచ్చిన, మందుకన్న ముందు వైద్యుడే కావలెను.

లంఖణము పరమౌషధమని పెద్దలందురు. అన్నము సయింపకున్న బలవంతపెట్టవలదు గాని నీటికి లంఖణము తగదు. గంజి, మజ్జిగ, కొబ్బరినీరు, ఓఆర్ఎస్ కొంచెము కొంచెముగా త్రాగించుచుండవలెను.

జ్వరము దిగినంతనే గండము గడచెనని తలపరాదు. డెంగీలో 3వ దినము మొదలు 7వ దినము లోపల, వేడి తగ్గునప్పుడే ముప్పు పొంచియుండును. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నెత్తురు, చల్లబడిన కాలుచేతులు, మగత, మూత్రము తగ్గుట వీనిలో నేది కనబడినను రాత్రియని వెనుదీయక ఆసుపత్రికి గొనిపోవలెను.

సోదరీమణులారా! మందు పెట్టెపై పేరును, మోతాదును చదువుటకు పట్టునది అరనిముసము. ఆ యరనిముసమే బిడ్డకు రక్ష.