కర్నూలు, కడపకు ముందు లీగ్, తర్వాతే జట్టు

ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లోకి కొత్త ఊళ్లను చేర్చుకునేటప్పుడు మన దేశంలో ముందుగా చూసేది జనాభానూ, డబ్బు పెట్టే యజమానినీ. ఆ లెక్క తెలుగు నేల మీద ఎలా పనిచేసిందో ఇప్పటికే చూశాం. పుణె జట్టు మూతపడితే 2019లో దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2021–22లో ఇండియన్ సూపర్ లీగ్ టైటిల్ గెలిచింది. ఆ మరుసటి ఏడాదికే జీతాల బకాయిల్లో కూరుకుపోయి, చివరకు 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. శ్రీనిధి జట్టు 2020లో ఐ-లీగ్ ప్రవేశం పొందింది విశాఖపట్నం పేరు మీద, సొంత మైదానం ఏర్పరచుకున్నది మాత్రం హైదరాబాద్ శివార్లలో. భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్ రహీమ్‌ను దేశానికిచ్చిన హైదరాబాదే తన పెద్ద జట్టును నిలుపుకోలేకపోయింది. అలాంటప్పుడు కర్నూలుకో కడపకో ఒక యజమానిని వెతికి జట్టు తెప్పించుకుంటే రాయలసీమకు ఒరిగేదేమిటి?

ఊరు చిన్నదన్నది అసలు అడ్డంకి కాదు. 2011 జనాభా లెక్కల్లో కర్నూలు నగరంలో 4.6 లక్షల మంది, కడపలో 3.4 లక్షల మంది ఉన్నారు. మిజోరం రాజధాని ఐజ్వాల్‌లో మూడు లక్షలు కూడా లేరు. అయినా 2016–17 ఐ-లీగ్ విజేత ఐజ్వాల్ ఎఫ్‌సీ. అప్పటికే మిజోరంలో 2012 నుంచి సొంత ప్రీమియర్ లీగ్ నడుస్తోంది. అంత దూరం వెళ్లనక్కర్లేదు. పక్కనున్న అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ క్రీడాగ్రామం కట్టి, పల్లె పిల్లలకు ఫుట్‌బాల్ అకాడమీ, లీగ్ నడిపింది. వానలు సీమలోకెల్లా తక్కువ పడే జిల్లాలోనే అది సాధ్యమైంది. అయితే మొత్తం భారం ఒకే సంస్థ మీద వేస్తే ఏమవుతుందో 2025లో ఆ ట్రస్టు విదేశీ విరాళాల అనుమతికి చిక్కులు వచ్చినప్పుడు తెలిసింది. కర్నూలు, కడపల్లో ఆ బరువును మున్సిపాలిటీలు, పాఠశాలలు, క్రీడాప్రాధికార సంస్థ కలిసి మోయాలి.

తాగడానికే నీళ్లు చాలని చోట గడ్డి మైదానమా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పున్న మైదానానికి రోజుకు ఐదు మిల్లీమీటర్ల తడి ఇవ్వాలంటే దాదాపు 36 వేల లీటర్లు కావాలి, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఏడు. తాగునీటి నుంచి ఒక్క చుక్క కూడా ఇందుకు తీయకూడదు. నగరాల మురుగును శుద్ధి చేసి వాడితేనే మైదానానికి అనుమతి ఇవ్వాలి. కృత్రిమ గడ్డి వేస్తే సరిపోతుందనేవారు మన ఎండల్ని మరిచిపోతున్నారు. అది గాలికంటే చాలా ఎక్కువగా కాగుతుంది. ఎండకు ఓర్చే గరిక జాతి గడ్డే మేలు.

నీళ్ల సంగతికంటే గట్టి చిక్కు మరొకటుంది. ఇక్కడ ఆటకు అనువైన కాలం శీతాకాలం. సరిగ్గా అప్పుడే ఆదోని, కోసిగి, మంత్రాలయం పల్లెల నుంచి కుటుంబాలు పత్తి తీయడానికి, మిరపకోతలకు గుంటూరు వైపు సుగ్గికి పోతాయి. పిల్లలూ వెంట పోతారు. బడే మానేసిన పిల్లవాడు ఆదివారం మ్యాచ్‌కు ఎక్కడి నుంచి వస్తాడు? అందుకే కర్నూలు జిల్లాలోని ఈ పశ్చిమ మండలాల్లో లీగ్ ఖర్చులో మొదటి పద్దు స్టేడియం గ్యాలరీ కాదు, వలస కాలమంతా పిల్లల్ని ఉంచుకుని అన్నం పెట్టే హాస్టల్. ఇంత ఖర్చు ఆట కోసమా అంటే, ఆ హాస్టల్ ఆట లేకున్నా కావలసిందే. ఆట ఉంటే పిల్లలు అక్కడ నిలుస్తారన్నది నా నమ్మకం.

ఇదంతా చాలా ఆలస్యమని, ఈలోగా అవకాశం పోతుందని కొందరి భయం. కానీ అడుగు నుంచి పైకి ఎక్కే దారి ఇప్పుడుంది. 2022–23 ఐ-లీగ్ గెలిచిన పంజాబ్, మరుసటి ఏడాది మొహమ్మడన్ స్పోర్టింగ్ ఆ గెలుపుతోనే సూపర్ లీగ్‌కు చేరాయి. 2023లో ఐ-లీగ్ 3 మొదలయ్యాక రాష్ట్రాల నుంచి వచ్చే క్లబ్బులకు కింది మెట్టు కూడా దొరికింది. పాత కర్నూలు, పాత కడప, అనంతపురం జిల్లాల క్లబ్బులతో ఏటా ఆగకుండా లీగ్ నడిపి, గెలిచిన జట్టునే ఆ మెట్టుకు పంపమని రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘాన్ని అడగాలి. కర్నూలా, కడపా అన్న తగువు కూడా అక్కడే తేలుతుంది. కర్నూలు బంగారుపేట కుర్రాళ్లు గెలుస్తారో, ప్రొద్దుటూరు కుర్రాళ్లు గెలుస్తారో ముందే ఎవరూ నిర్ణయించనక్కర్లేదు.