కుట్లు మానువరకు కుక్కకు విశ్రాంతియే ఔషధము

ఆడకుక్కను పెంచుకొను గృహస్థులు పలువురు నేడు దానికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుటకు ముందుకు వచ్చుచున్నారు. ఇది సంతోషింపదగిన విషయము. అయితే ఆపరేషన్ అయిన మరునాటి నుండి "గాయమునకు ఏమి రాయవలెను?" అని అడుగువారే గాని, "దానిని శాంతముగా ఎట్లు ఉంచవలెను?" అని అడుగువారు అరుదు. నా అభిప్రాయములో మొదటి ప్రశ్న కంటె రెండవదే ముఖ్యము. పైపూతల కంటె విశ్రాంతియే దానికి అసలైన ఔషధము.

చురుకుదనము స్వస్థత కాదు

ఈ శస్త్రచికిత్సలో సాధారణముగా అండాశయములను, గర్భాశయమును తొలగింతురు. దీనివలన, గర్భాశయములో చీము పట్టి ప్రాణము తీయు వ్యాధి భయము దాదాపు పూర్తిగా తొలగిపోవును. కాని ఇందుకై వైద్యుడు చర్మమును మాత్రమే గాక పొట్ట గోడను కూడ కోసి, పొరలు పొరలుగా కుట్టవలసి యుండును. మన కంటికి కనబడునది పై కుట్టు మాత్రమే. చర్మము అతుకుకొనుటకు సుమారు 10 నుండి 14 దినములు పట్టును. లోపలి పొర పూర్వపు బలము పొందుటకు అంతకంటె ఎక్కువ కాలము కావలెను.

చిక్కు ఇక్కడనే కలదు. వయసులో నున్న కుక్క రెండవ, మూడవ దినముననే తోక ఆడించుచు గంతులు వేయును. నొప్పి తగ్గించు మందు బాగుగా పనిచేయుచున్నదని దానికి అర్థమే గాని, గాయము మానినదని కాదు. అట్టి సమయమున సోఫా మీదికి ఒక్క దూకు దూకినను లోపలి కుట్టు సడలవచ్చును; చర్మము క్రింద నీరు చేరవచ్చును; ఒక్కొక్కప్పుడు ప్రేగులే బయటికి పొడుచుకొని రావచ్చును. మూలుగుచు పడుకొన్న కుక్కను అందరును కనిపెట్టుకొని యుందురు. హుషారుగా తిరుగు కుక్క విషయముననే అజాగ్రత్త కలుగును.

సుశ్రుతుని మాట

శస్త్రచికిత్సకు పేరుగాంచిన సుశ్రుత సంహితలో, సూత్రస్థానము 19వ అధ్యాయము పేరు 'వ్రణితోపాసనీయము'. వ్రణము గలవానిని కనిపెట్టుకొని యుండు విధానమునకై ఒక అధ్యాయమునే కేటాయించినారు. శుభ్రమైన గది, ఎండగాలుల తాకిడి లేని చోటు, అనువైన పడక, మంచి మాటలతో బాధను మరపించు ఆత్మీయులు ఉండవలెనని అందులో కలదు. లేచుట, తిరుగుట వంటి చేష్టలలో మెలకువతో వ్రణమును కాపాడుకొనవలెనని కూడ ఉన్నది. మనిషికి చెప్పిన ఈ మాట, తన్ను తాను నిగ్రహించుకొనలేని మూగజీవికి మరింత వర్తించును. దాని బదులు ఆ మెలకువ మనకు ఉండవలెను.

వంటింటి వైద్యము ఎంతవరకు?

గృహవైద్యమును నేను నమ్ముదును. అయినను, కుట్టిన గాయముపై పసుపు, వేపనూనె, కొబ్బరినూనె పూయుటను సమర్థింపజాలను. మా ఇంటిలోని ఏడాదిన్నర వయసు దేశవాళీ కుక్కకు ఆపరేషన్ అయినప్పుడు ఇరుగుపొరుగువారు ఆప్యాయముగా ఇట్టి సలహాలే ఇచ్చినారు. మేము వైద్యుడు చెప్పినది తప్ప మరేదియు పూయలేదు. కుట్లు శుభ్రముగా, పొడిగా ఉండవలెను. నూనె తడిని, దుమ్మును నిలుపును. పసుపు రంగు క్రింద ఎరుపు, వాపు కనబడవు. పైగా పూసినదెల్ల కుక్క నాలుకతో కడుపులోనికి పోవును. కర్పూరము కలిసిన బాములు నాకినచో విషమగును.

మనము వాడు పారాసెటమాల్, ఇబుప్రొఫెన్ మాత్రలు కుక్కకు ఎంతమాత్రము ఇవ్వరాదు. శాంతము కొరకని అశ్వగంధ, బ్రాహ్మి వంటివి మన మోతాదులో వేయుటయు తగదు. ఏనుగులకు పాలకాప్యుని హస్త్యాయుర్వేదము, గుఱ్ఱములకు శాలిహోత్రము వేరుగా ఏర్పడుట చూడుడు. ఏ జీవి వైద్యము ఆ జీవిదే అని మన పూర్వులకు తెలియును.

రెండు వారముల దినచర్య

మనుష్యుల రాకపోకలు తక్కువగా ఉన్న గదిలో, జారని నేలపై పరుపు వేయవలెను. మెట్లు, మంచము, సోఫా ఎక్కనీయరాదు. మలమూత్రములకు బెల్టు పట్టుకొని కొద్ది నిముషములు మాత్రమే నడిపించి తీసికొని రావలెను. ఇంటి ఆవరణలోనైనను విడిచిపెట్టరాదు. స్నానము కుట్లు మానిన తరువాతనే. కుట్లు నాకకుండ మెడకు ప్లాస్టిక్ గరాటు తొడుగుదురు. జాలిపడి రాత్రివేళ దానిని తీసివేయుట వలననే పలు గాయములు చెడుచున్నవి.

మత్తుమందు ప్రభావమున మొదటి రాత్రి వికారము ఉండవచ్చును. మెత్తని అన్నము, ఎముక లేని ఉడికిన మాంసము సగము మోతాదులో పెట్టిన చాలును. శాకాహారుల ఇండ్లలో మజ్జిగన్నము పెట్టవచ్చును. ఉల్లి, వెల్లుల్లి కుక్కకు హానికరములు.

దేహమునకు పని తగ్గించినపుడు మనస్సుకు పని కల్పించవలెను. లేనిచో ఆ ఉత్సాహము గంతుల రూపముననే బయటపడును. మా ఇంట పాత తువాలు మడతలలో ఆహారపు పలుకులు దాచి వెదకనిచ్చెడివారము. వాసన చూచి వెదకుట కుక్కను చక్కగా అలయించును. పళ్ళెమునకు పలుచగా పెరుగు పూసి, మేము దగ్గర కూర్చుండి కొద్దిసేపు గరాటు తీసి నాకనిచ్చెడివారము. నెమ్మదిగా నాకుట దానికి ఊరట. చెవుల వెనుక మెల్లగా నిమురుట, మెల్లని స్వరముతో పలుకరించుట కూడ ఉపకరించును. గేటు చప్పుడుకు ఎగిరిపడునది గనుక, అతిథులు వచ్చు వేళకు ముందే దానిని లోపలి గదిలో ఉంచితిమి. బంతి ఆటలు రెండు వారములు వాయిదా వేయవలెనని పిల్లలకు ముందే నచ్చజెప్పవలెను.

ఇన్ని చేసినను నిలువని కుక్కలు ఉండును. అప్పుడు శాంతపరచు మందు కొరకు పశువైద్యుని అడుగుటలో తప్పు లేదు.

వెంటనే వైద్యుని చూడవలసిన వేళలు

గాయమునుండి రక్తము ఆగక కారుట, చిగుళ్ళు తెల్లబడుట, మాటిమాటికి వాంతులు, ఒక దినము దాటినను ఆహారము ముట్టకుండుట, చీము, దుర్వాసన, పెరుగుచున్న వాపు, కుట్టు విడిపోవుట - వీనిలో ఏది కనబడినను ఇంటి చిట్కాలకై కాలము వ్యర్థపరచరాదు. దినమునకు రెండు పూటల గాయమును వెలుతురులో పరిశీలించినచో ఇవి తొలిదశలోనే తెలియును.

ఆపరేషన్ వైద్యుని చేతిలో కొద్దిసేపటి పని. తరువాతి రెండు వారములు ఇంటివారి చేతిలో ఉన్నవి. శెలవు దొరకు వారము చూచుకొని, ఎవరు ఏ వేళ కాపలా ఉండవలెనో ముందే నిర్ణయించుకొని, ఆ పిదపనే ఆపరేషన్‌కు తేదీ తీసికొనవలెనని గృహస్థులకు నా మనవి.