వచ్చే ఏడాది తలకి ఇప్పుడే హెల్మెట్టా?

పిల్లలకి ఏది కొన్నా ఒక సైజు పెద్దది కొనడం మన ఇళ్లలో అలవాటు. ఎదిగే పిల్లలు కదా! గౌను అంచు లోపలికి మడిచి కుట్టిస్తాం, బూట్ల ముందు భాగంలో దూది కుక్కుతాం. నేనూ అలా పెరిగినదాన్నే. అందుకే కిందటి వేసవి సెలవుల్లో మా అమ్మాయికి సైకిలు కొన్నప్పుడు, రెండేళ్లు వస్తుందిలే అని హెల్మెట్ కూడా పెద్దదే తీసుకున్నాను. "వదులైనా ఫర్వాలేదమ్మా, వెనక చక్రం తిప్పితే బిగుస్తుంది" అన్నాడు కొట్టతను.

వారం తిరక్కుండానే వీధి మలుపులో ఇసక మీద సైకిలు జారి పడింది. పరుగెత్తుకెళ్లి చూద్దును కదా, హెల్మెట్ వెనక్కి జారి మెడ మీద వేలాడుతోంది. నుదుటి మీద మూడు కుట్లు పడ్డాయి. హెల్మెట్ పెట్టారా అని డాక్టరుగారు అడిగితే పెట్టామనే చెప్పాను. అబద్ధం కాదు గానీ, అది పెట్టినట్టు కాదని నాకు తర్వాత తెలిసింది.

కుట్టుమిషను దగ్గరుండే టేపు చాలు. కనుబొమ్మలకి అంగుళం పైన, తల చుట్టూ కొలవండి. హెల్మెట్ లోపల ఎన్ని సెంటీమీటర్ల తలకో రాసి ఉంటుంది. వెనక చక్రం చివర్లో కాస్త సరిచేసుకోవడానికే తప్ప, పెద్ద సైజుని చిన్నది చేయడానికి కాదు. తలకి పెట్టి, పట్టీ బిగించకముందే అటూ ఇటూ ఊపమనండి. నుదుటి చర్మం దానితోపాటు కదలాలి, హెల్మెట్ ఒక్కటే ఊగకూడదు. ముందు అంచు కనుబొమ్మలకి రెండు వేళ్ల ఎత్తున ఉండాలి. మా అమ్మాయి ముఖం కనబడాలని వెనక్కి తోసుకునేది, నేనూ ముద్దుగా ఉందనుకునేదాన్ని! పక్క పట్టీలు రెండూ చెవి తమ్మె కిందే కలవాలి. గడ్డం కింద ఒకటి, మహా అయితే రెండు వేళ్లు పట్టాలి. 'ఆ' అని నోరు బాగా తెరిస్తే హెల్మెట్ నెత్తిని కిందికి లాగినట్టు అనిపించాలి.

ఇక జడల సంగతి. నడినెత్తిన పిలక వేసినా, లావు క్లిప్పు పెట్టినా హెల్మెట్ తల మీద కూర్చోదు, పిలక మీద కూర్చుంటుంది. సైకిలెక్కే రోజు మెడ దగ్గర దిగువగా జడ అల్లేస్తున్నాను. దీని మీద మా అత్తగారికీ నాకూ కాస్త మాటలయ్యాయి, అది వేరే కథ.

పడ్డ హెల్మెట్‌ని పారేస్తే మావారు గొణిగారు, పైకి గీతైనా లేదని. లోపలి థర్మోకోల్ లాంటి పొర దెబ్బని తాను మింగి నలుగుతుంది. ఒకసారి నలిగితే మళ్లీ కాయదు. పెద్దమ్మగారబ్బాయి వాడిందని, పిన్నిగారమ్మాయిదని ఇచ్చేవి తీసుకోకపోవడానికీ కారణం ఇదే. అది ఎన్నిసార్లు కింద పడిందో మనకేం తెలుసు?

మోటారు బండి మీద తొమ్మిది నెలలు దాటిన, నాలుగేళ్లలోపు పిల్లల్ని ఎక్కించుకుంటే తలకి సరిపోయే హెల్మెట్ ఉండాలని 2022లో కేంద్రం నిబంధన తెచ్చింది. 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. 'సరిపోయే' అన్న మాట చూశారా? అయినా నాన్న హెల్మెట్ నెత్తిన బోర్లించుకుని ఊగుతూ వెళ్లే పిల్లలు సిగ్నల్ దగ్గర నాకు రోజూ కనబడతారు. చలానా తప్పించుకోవడానికి అది చాలునేమో, పడితే మాత్రం చాలదు. సైకిలుకైతే అడిగే పోలీసు కూడా లేడు, చూసుకోవాల్సింది మనమే.

ఇప్పుడు మా గేటు దగ్గర రోజూ సాయంత్రం 'ఆ' కార్యక్రమం నడుస్తోంది. స్నేహితులు నవ్వుతున్నారని మొదట్లో మా అమ్మాయి ఏడ్చింది. మొన్న ఆ నవ్విన పక్కింటి బాబే వచ్చి "ఆంటీ, నాది కూడా చూడండి" అని నోరు తెరిచాడు. వాడి గడ్డం కింద రెండు వేళ్లు కాదు, నా పిడికిలి పట్టింది.